ఆవగింజంత ఆకుపచ్చ చుక్క

ఆ ఆదివారం పొద్దున సెక్షన్ గారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి కాఫీ, ఎనిమిదింటికి కిందికి దిగి ఓటు, తొమ్మిదింటికల్లా పైకొచ్చి బాల్కనీలో కుర్చీ వేసుకుని పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం. నాలుగేళ్ళలో ఆయనకు దొరికిన మొదటి ఖాళీ ఆదివారం అది. ఇంత చిన్న ప్రణాళికలో ఉద్యోగం ఊడే ప్రమాదం ఎక్కడ దాక్కుందో ఎంతటి అనుమానపు మనిషికైనా తట్టదు. సెక్షన్ గారికీ తట్టలేదు. అదే విచిత్రం, ఎందుకంటే ఆయన్ని మించిన అనుమానపు మనిషి ఆ అపార్ట్‌మెంటులోనే లేడు.

ఆయన పనిచేసేది న్యాయశాఖలో, చట్టాల ముసాయిదాలు రాసే విభాగంలో. మాటకు ముందొక సెక్షను, మాటకు వెనకొక సెక్షను తగిలిస్తారు కనుక పన్నెండు ఫ్లాట్ల వాళ్ళూ ఆయన్ని సెక్షన్ గారనే పిలుస్తారు. రిటైరు కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. పాల ప్యాకెట్టును తూచి గానీ ఇంట్లోకి తీసుకోరు. తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగుతారు, నాలుగంతస్తులు దిగాక మళ్ళీ ఎక్కి నాలుగోసారి లాగుతారు. ఎవరైనా ఊరికే నవ్వితే ఆ రోజంతా ఆయనకు మనశ్శాంతి ఉండదు.

ఇలాంటి మనిషి చేతికి ప్రభుత్వం ఎన్నికల అక్రమాల విచారణ, శిక్షల చట్టం రాసే పని అప్పగించింది. ఆయన నాలుగేళ్ళు కూర్చుని పదకొండు ముసాయిదాలు రాశారు. "శాసనసభ ఎన్నికల వరకు చాలదా?" అని మంత్రి అడిగితే, "చాలదండి. అక్కడ తలుపు వేస్తే అక్రమం సహకార సంఘంలోకి దూరుతుంది. అక్కడా వేస్తే క్లబ్బులోకి దూరుతుంది. అన్ని తలుపులూ వేసెయ్యాలి," అన్నారు. అలా వేసిన తలుపులలో మొదటిది సెక్షన్ రెండు: "ఎన్నిక అనగా, ఒకరి కంటె ఎక్కువమంది కోరుకొను ఏ పదవికైనను, చీటీ ద్వారా గానీ, చెయ్యెత్తుట ద్వారా గానీ, తల ఊపుట ద్వారా గానీ జరుగు ఎంపిక." తల ఊపుట దగ్గర మంత్రి కొంచెం ఇబ్బందిగా తల ఊపాడు. సెక్షన్ గారు మాత్రం పట్టించుకోలేదు.

ఫిర్యాదు చేసినవాడు తర్వాత అమ్ముడుపోవచ్చు కనుక ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి వీల్లేదన్నారు. విచారణాధికారి ఫిర్యాదును మార్చేయవచ్చు కనుక పేరుతో సహా అందరి ముందూ గట్టిగా చదవాలన్నారు. తెలియక చేశాను, మంచికే చేశాను అంటే కుదరదన్నారు. ఇక సెక్షన్ పంతొమ్మిది ఆయన ముద్దుబిడ్డ: తప్పు చేసింది ప్రభుత్వ ఉద్యోగి అయితే అదే రోజు సూర్యాస్తమయంలోగా ఉద్యోగం నుంచి తొలగించాలి. సూర్యుణ్ణి చట్టంలోకి లాగిన ఘనత తనదేనని ఆయన చాలామందికి చెప్పుకున్నారు. ఆ చట్టం మొన్న సోమవారం నుంచే అమలులోకి వచ్చింది.

"కింద మీ చట్టం సంగతి ఎత్తకండి," అంది భార్య, కాఫీ గ్లాసు అందిస్తూ. "నాకు ఓట్లు కావాలి, కేసులు కాదు."

ఆవిడ ఆ రోజు జరిగే అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్ష ఎన్నికకు నిలబడింది. కారణం లిఫ్టు. అది మూడు నెలలుగా రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య వేలాడుతోంది. రోజూ కూరల సంచీతో నాలుగంతస్తులు ఎక్కి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆవిడకు పోటీ తొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడిగా ఉన్న పళ్ళ డాక్టరు.

"ఆ డాక్టరు ఉండేది మొదటి అంతస్తులో. లిఫ్టు ఎందుకు బాగు చేయిస్తాడు? ఇందులో ఏదో ఉంది," అన్నారు సెక్షన్ గారు.

"ఏమీ లేదు. లిఫ్టు వాడు ఫోనెత్తడం లేదు, అంతే."

"ఎందుకెత్తడం లేదు?"

భార్య ఆయన వంక చూసి స్నానానికి వెళ్ళిపోయింది. పెళ్ళయిన ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ 'ఎందుకు'కి జవాబు చెప్పి బాగుపడింది ఎప్పుడూ లేదు.

ఏడుంబావుకు సెక్షన్ గారు ఊరికే ఒకసారి చూసొద్దామని కిందికి దిగారు. కార్లు నిలిపే చోట ఒక బల్ల, దాని మీద మూతకు చీలిక పెట్టిన బిస్కెట్ల డబ్బా, దాని పక్కన బరువు పెట్టిన ఓటు చీట్లు. ఎన్నిక జరిపించేది కింది ఫ్లాటులో ఉండే హెడ్మిస్ట్రెస్ గారు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ స్టవ్ మీద పాలు పెట్టానని లోపలికి వెళ్ళారు. బల్ల దగ్గర ఎవరూ లేరు.

సెక్షన్ గారు ఒక చీటీ తీసి అటూ ఇటూ తిప్పారు. వెనక వైపు పళ్ళ బొమ్మ ఉంది. డాక్టరు తన క్లినిక్కులో వాడే చీట్ల పుస్తకాన్ని ఇస్తే, హెడ్మిస్ట్రెస్ గారు కాగితం వృథా కాకుండా దాని వెనకే రెండు పేర్లూ రాశారన్నమాట. సెక్షన్ గారికి అనుమానం తలెత్తింది. ఇలాంటి చీట్లు డాక్టరు దగ్గర ఇంకెన్ని కట్టలున్నాయో! కావాలంటే యాభై రాసి తెచ్చి డబ్బాలో దూర్చవచ్చు. ఊరికే కాగితాలివ్వడానికి వాడికేమైనా పిచ్చా?

జేబులో ఆఫీసు పెన్సిలుంది, ఆకుపచ్చది. ముసాయిదాలు దిద్దడానికి ఆయన విభాగానికి మాత్రమే ఇచ్చేది. ఇటు చూశారు, అటు చూశారు. ఇరవై నాలుగు చీట్ల మీదా ఎడమ వైపు కింది మూలన ఆవగింజంత చుక్క పెట్టారు. ఇక చుక్క ఉంటే అసలు, లేకపోతే నకిలీ. రెండు నిమిషాల పని. పాలు పొంగే లోపల మెట్లెక్కి పైకి వచ్చేసి, చాలా ఏళ్ళ తర్వాత హాయిగా ఈల వేశారు.

ఎనిమిదింటికి ఓట్లు మొదలయ్యాయి. ఫ్లాటుకి రెండు చీట్లు. సెక్షన్ గారు వెంటనే ఓటేయలేదు. వాచ్‌మన్ కుర్చీ లాక్కుని స్తంభం చాటున కూర్చుని, పేపరు అడ్డం పెట్టుకుని అందర్నీ గమనించారు. రెండో అంతస్తు ట్యూషన్ మాస్టారు చీటీతో, ఓటేయడానికి కట్టిన తెర వెనక మూడు నిమిషాలున్నాడు. రెండు పేర్లలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మూడు నిమిషాలా? ఇంకొకాయన కళ్ళజోడు మర్చిపోయానని పైకెళ్ళి వచ్చాడు. పైన ఎవర్ని కలిశాడు? పళ్ళ డాక్టరైతే దొరికిన ప్రతి ఒక్కరి భుజం మీదా చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళి చెవిలో ఏదో ఊదుతున్నాడు. ఊదుతూ ఊదుతూ వేలితో పైకి, నాలుగో అంతస్తు వైపు చూపిస్తున్నాడు. విన్నవాళ్ళు జాలిగా తల ఊపుతున్నారు.

"మా ఆవిడ మీద చాడీలు చెబుతున్నాడు," అనుకుని సెక్షన్ గారు పళ్ళు నూరారు. నూరితే ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాల్సి వస్తుందని గుర్తొచ్చి ఆపేశారు.

తొమ్మిది కావస్తుండగా తన ఓటు తాను వేద్దామని బల్ల దగ్గరికి వెళ్ళారు. హెడ్మిస్ట్రెస్ గారు పేరు టిక్కు పెట్టుకుని ఒక చీటీ ఇచ్చారు. తెర వెనక్కి వెళ్ళి సెక్షన్ గారు అలవాటుగా ఎడమ వైపు కింది మూల చూశారు.

చుక్క లేదు.

వెలుతురుకి పెట్టి చూశారు. వేలితో తడిమారు. కుడి మూల, పై మూల, వెనక పళ్ళ బొమ్మ మీద కూడా వెతికారు. ఎక్కడా లేదు. ఆయన ఒళ్ళు చల్లబడి, వెంటనే వేడెక్కింది. నాలుగేళ్ళు కాగితం మీద పట్టుకున్న దొంగ ఈ రోజు నిజంగా దొరికాడు! డాక్టరు చీట్లు మార్చేశాడు, ఆ పెద్దావిడ కూడా ఇందులో కలిసిపోయింది.

అయినా ఆయన తొందరపడలేదు. తర్కం ఉన్న మనిషి కదా. ఇది నకిలీ చీటీ, విచారణలో చెల్లదని కొట్టేస్తారు. దీని మీద భార్యకు ఓటేస్తే ఆవిడకు ఒక ఓటు పోతుంది. డాక్టరుకు వేస్తే ఆ పోయే ఓటు డాక్టరుదే అవుతుంది. ఎంత చక్కని ఎత్తు! సెక్షన్ గారు జేబులోంచి పెన్సిలు తీసి, డాక్టరు పేరు పక్కన పెద్ద టిక్కు పెట్టి, మడిచి డబ్బాలో వేసి, హెడ్మిస్ట్రెస్ గారి వంక అదోలా నవ్వి మెట్లెక్కారు.

ఇంటికి రాగానే ఫిర్యాదు రాశారు. ఫోన్లో చెబితే చాలు, కానీ రాయకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. తన పేరు, ఫ్లాటు, హోదా రాసి, కింద ఇలా పెట్టారు: "సదరు అసలు చీట్లపై ఎడమ దిగువ మూలన ఆవగింజంత ఆకుపచ్చ చుక్క యుండును. చుక్క లేని చీట్లు నకిలీవి. నాకు ఇచ్చిన చీటీకి చుక్క లేదు. తక్షణము విచారించవలెను." మూడుసార్లు చదువుకుని, ముచ్చటపడి, చట్టంలో ఫిర్యాదులకని తానే ఇచ్చిన నంబరుకు పంపించారు. మూడు గంటల్లో అధికారి రావాలన్నది కూడా ఆయన పెట్టిన నియమమే.

పదకొండు ముప్పావుకు జీపు వచ్చి ఆగింది. విచారణాధికారిణి దిగింది. చిన్న వయసు, గట్టి నడక, చంకలో కొత్త చట్టం పుస్తకం. దానిలోంచి రంగు రంగుల కాగితపు గుర్తులు బయటికి వేలాడుతున్నాయి. చట్టం వచ్చాక ఇదే మొదటి కేసు కాబట్టి ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కా మడత కూడా నలగకుండా నిలబడింది.

పన్నెండు ఫ్లాట్ల వాళ్ళూ కార్ల మధ్య గుమిగూడారు. భార్య గబగబా మెట్లు దిగి వచ్చింది. "ఏవండీ, ఎవరో ఫిర్యాదు చేశారట. ఎంత పని చేశారు చూడండి! ఎవరై ఉంటారంటారు?"

"చూద్దాం," అన్నారు సెక్షన్ గారు గంభీరంగా.

"చట్టం ప్రకారం ఫిర్యాదు అందరి ముందూ చదవాలి," అని అధికారిణి కాగితం విప్పింది. పేరు చదివింది. ఫ్లాటు నంబరు చదివింది. భార్య మెల్లగా తల తిప్పి భర్త వంక చూసింది. ఆ చూపుకే సెక్షన్ గారు ఒకడుగు వెనక్కి వేశారు. "అసలు చీట్లపై ఎడమ దిగువ మూలన ఆవగింజంత ఆకుపచ్చ చుక్క యుండును..." అని అధికారిణి చదువుతుంటే, హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సర్దుకుని కుర్చీలోంచి లేచారు.

"ఒక్క నిమిషం అమ్మా," అని లోపలికెళ్ళి ఒక కవరు తెచ్చి బల్ల మీద బోర్లించారు. ఇరవై నాలుగు చీట్లు రాలాయి. అన్నిటికీ ఆకుపచ్చ చుక్కలున్నాయి.

"పొద్దున పాలు దించి వచ్చేసరికి చీట్ల మీద ఈ చుక్కలున్నాయి. ఎవరో పాడు చేశారని ఇవి తీసి దాచేసి, అదే పుస్తకంలోంచి కొత్తవి రాశాను. ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు మేడమ్?" అంది అధికారిణి.

"ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని చూశానమ్మా. బెంచీ మీద ఎవరు గీశారని నేనెప్పుడూ అడిగేదాన్ని కాదు. కాసేపు ఊరుకుంటే వాడే చెయ్యెత్తి, 'టీచర్, ఆ గీతలు నేను గీయలేదు' అనేవాడు." ఆవిడ సెక్షన్ గారి వంక ఎంతో వాత్సల్యంగా చూశారు. "చెయ్యెత్తారు కదా."

కార్ల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. సెక్షన్ గారికి మెల్లగా అర్థమైంది. అంటే చీట్లు నకిలీవి కావు. డాక్టరు మార్చలేదు. ఈ మొత్తం ఎన్నికలో జరిగిన అక్రమం ఒక్కటే, అది చేసింది తానే, పైగా పేరూ ఫ్లాటూ హోదా రాసి మరీ పంపించుకున్నది తానే. తన గొయ్యి తానే తవ్వుకుని, లోతు సరిపోయిందో లేదోనని మూడుసార్లు చూసుకున్నారన్నమాట!

"అమ్మా, ఆ ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు.

అధికారిణి పుస్తకం తిప్పింది. "కుదరదు సార్. సెక్షన్ ఎనిమిది."

"మంచి ఉద్దేశంతోనే పెట్టానమ్మా ఆ చుక్కలు. నకిలీలు రాకుండా..."

"సెక్షన్ పదహారు సార్. ఓటు చీటీ మీద గుర్తు పెట్టడమే నేరం, మంచికే చేశాను అనడం కుదరదు." ఇంకో పేజీ తిప్పింది. "మీ హోదా దగ్గర ప్రభుత్వ ఉద్యోగి అని రాశారు." ఆవిడ చేతి గడియారం చూసుకుని, పక్కనున్న వాచ్‌మన్ని మర్యాదగా అడిగింది. "ఈ రోజు పొద్దు ఎన్నింటికి గుంకుతుందో తెలుసా?"

"ఆరున్నర అవుతుందమ్మా," అన్నాడు వాచ్‌మన్. సెక్షన్ గారు ఆకాశం వైపు చూశారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఇన్నాళ్ళూ తన చట్టంలో పనివాడిలా పడున్న సూర్యుడు ఇప్పుడు తన మీదికే వచ్చాడు. ముప్ఫై ఐదేళ్ళ ఉద్యోగానికి ఇంకా ఆరున్నర గంటలే మిగిలాయి. ఏ కన్నంలోంచైనా బయటపడదామా అని మనసులో చట్టమంతా ఒకటి నుంచి చివరిదాకా పరుగెత్తారు. ఎటు చూసినా గోడే. ఒక్క కన్నమైనా వదలలేదు కదరా పాపిష్టివాడా, అని తనను తానే తిట్టుకున్నారు. ఆయనకు ఏడుపొచ్చింది.

"నాకొక చిన్న సందేహం ఉంది," అంది అధికారిణి. "ఇది కేవలం అపార్ట్‌మెంటు ఎన్నిక. దీనికి పంతొమ్మిది వర్తిస్తుందా? సందేహం వస్తే ముసాయిదా అధికారిని అడగమని ఇక్కడ నంబరిచ్చారు." ఆవిడ ఫోను తీసి నొక్కింది.

సెక్షన్ గారి చొక్కా జేబు మోగింది.

సెలవు రోజైనా సరే, వేరే ఎవరైనా తప్పుడు అర్థం చెబుతారేమోనన్న అనుమానంతో ఆయన తన సొంత నంబరే పెట్టారు. జేబు మోగుతూనే ఉంది. అధికారిణి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ జేబు వంకే చూస్తోంది. అందరూ చూస్తున్నారు. ఇక తప్పక ఆయన తీసి, "హలో," అన్నారు.

"హలో సార్," అంది ఆవిడ, మూడడుగుల దూరంలోంచి.

"చెప్పండమ్మా."

"మీరేనా సార్ ఈ చట్టం రాసింది?"

"నేనేనమ్మా."

ఆవిడ ఫోను పెట్టేసింది. మొహంలో భక్తీ జాలీ కలిసిపోయాయి. "మీరే అర్థం చెప్పండి సార్ మరి."

"చెప్పకూడదు. తన విషయంలో తానే అర్థం చెప్పుకొనరాదు. సెక్షన్ ఇరవై మూడు," అన్నారు సెక్షన్ గారు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా, పాపం, గొంతులో కొంచెం గర్వం పలికింది.

అంతవరకు మొహం మాడ్చుకుని నిలబడ్డ భార్య అప్పుడు ముందుకొచ్చింది. ఆవిడకు ఆయన మీద కోపం లేదని కాదు. మండిపోతోంది. కానీ సాయంత్రానికల్లా ఉద్యోగం పోగొట్టుకుని, రేపటి నుంచి ఇంట్లోనే కూర్చుని పాల ప్యాకెట్లతో పాటు ఉప్పూ పప్పూ కూడా తూచే మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఆవిడ చీర కొంగు నడుముకు దోపింది.

"అర్థం నేను చెప్పొచ్చా అమ్మాయ్?"

"మీరు లాయరా అండీ?"

"కాదు. ఆయన భార్యని. నాలుగేళ్ళు, పదకొండు ముసాయిదాలు, ప్రతి రాత్రీ అన్నం ముందు పెట్టుకుని నాకు చదివి వినిపించారు. కూర వేడిగా తిన్న రోజు లేదు. సెక్షన్ రెండు చూడు. ఎన్నిక అనగా, ఒకరి కంటె ఎక్కువమంది కోరుకొను ఏ పదవికైనను... ఉందా?"

అధికారిణి వేలు పెట్టి చూసింది. "ఉందండీ."

"ఒకరి కంటె ఎక్కువమంది కోరుకోవాలి. ఈ పదవి నేను కోరుకున్నాను, లిఫ్టు కోసం. ఇంకెవరు కోరుకున్నారో అడుగు." ఆవిడ పళ్ళ డాక్టరు వైపు తిరిగింది. "డాక్టరు గారూ, అందరి ముందూ నిజం చెప్పండి. మీకీ పదవి కావాలా?"

పళ్ళ డాక్టరు చేతులు జోడించేశాడు. "నాకా? అమ్మా, తొమ్మిదేళ్ళుగా నాకు నిద్ర లేదు. నోట్లో యంత్రం పెట్టి పన్ను తవ్వుతుంటే కూడా 'డాక్టర్, మా బాత్రూములో నీళ్ళు...' అని సైగలు చేస్తారు. లిఫ్టు వాడికి నేను చేసినన్ని ఫోన్లు మా ఆవిడకి కూడా చేయలేదు. మిమ్మల్ని నిలబడమని బతిమాలింది నేనే కదా! పొద్దున్నుంచి ఒక్కొక్కర్నీ పక్కకి తీసుకెళ్ళి, నాలుగో అంతస్తు అక్కగారికి ఓటేయండి, మీకు పుణ్యముంటుంది, నన్ను వదిలేయండి అని చెప్పుకున్నాను."

సెక్షన్ గారు నోరు తెరిచారు. చాడీలు అనుకున్నది ఇదా! "నువ్వు నాకు చెప్పలేదే?" అన్నారు భార్యతో, నీరసంగా.

"చెబితే, ఆయన ఎందుకు వద్దంటున్నాడు, ఇందులో ఏదో ఉంది అని నన్ను మానిపించేవారు."

అది నిజమేనని ఆయన తల ఊపారు.

"మరి ఆయన పేరు చీటీ మీద ఎలా వచ్చింది?" అంది అధికారిణి.

"నేనే వేశాను," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "ఒకే పేరుంటే ఆదివారం పూట ఎవరు కిందికి దిగుతారు? ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. నేనే ఊరుకోమన్నాను."

అధికారిణి సెక్షన్ రెండును మళ్ళీ చదివింది. మూడోసారి పెదవులు కదుపుతూ చదివింది. ఆ రంగు గుర్తులన్నీ ఒకటొకటిగా సర్దుకుని, మొదటి కేసు చేతిలోంచి జారిపోతున్న బాధతో నిట్టూర్చింది. "కోరుకున్నది ఒక్కరే. అంటే ఇది ఎన్నిక కాదు. ఎన్నిక కానప్పుడు ఇవి ఓటు చీట్లు కావు, పళ్ళ బొమ్మలున్న మామూలు కాగితాలు. మామూలు కాగితాల మీద ఎవరు ఏ రంగు చుక్క పెట్టుకున్నా నేరం కాదు. ఫిర్యాదు మూసేస్తున్నాను."

సెక్షన్ గారు అక్కడే ఉన్న స్కూటరు మీద కూలబడిపోయారు. ముప్ఫై ఐదేళ్ళ ఉద్యోగం మళ్ళీ ఒంట్లోకి వచ్చి చేరినట్టయింది. కళ్ళు తుడుచుకుని భార్య వంక చూశారు. అంత కృతజ్ఞత ఆ కళ్ళలో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ కోపం కూడా సగానికి సగం దిగిపోయింది.

అధికారిణి జీపెక్కబోతూ ఆగింది. "సార్, సెక్షన్ రెండులో కన్నం ఉంది. పెద్ద ఎన్నికల్లో కూడా ఎవడో ఒకడు నాకీ పదవి అక్కర్లేదంటాడు. సవరణ పెట్టించి మూసేయండి."

"ఉండనివ్వమ్మా," అన్నారు సెక్షన్ గారు. "గాలి రావాలి కదా." ఒక కన్నాన్ని చూసి మూయకుండా వదిలేయడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

జీపు వెళ్ళిపోయింది. హాయిగా ఊపిరి తీసుకుని ఆయన మెట్ల వైపు అడుగేశారో లేదో, వెనక నుంచి హెడ్మిస్ట్రెస్ గారి గొంతు వినపడింది. "ఎన్నిక కాకపోతే పోయింది, డబ్బా తెరిచి లెక్క పెడదాం. ఎవరికెన్నో తెలియాలి కదా. నేను లెక్క వదిలిపెట్టి నిద్రపోలేను."

సెక్షన్ గారి కాలు మొదటి మెట్టు మీదే బిగుసుకుపోయింది. డబ్బా సంగతి ఆయన పూర్తిగా మర్చిపోయారు.

"లెక్క ఎందుకండీ ఇప్పుడు?" అన్నారు. "ఆవిడే అధ్యక్షురాలు. అందరికీ ఇష్టమే. చీట్లు చించి పారేస్తే సరి."

"ఎందుకు చించాలి?" అంది భార్య. ఆ 'ఎందుకు' అచ్చం ఆయన 'ఎందుకు' లాగే ఉంది.

హెడ్మిస్ట్రెస్ గారు మూత తీసి ఒక్కొక్క చీటీ విప్పి గట్టిగా చదివారు. మొదటిది సెక్షన్ గారి భార్యకు. రెండోదీ ఆవిడకే. పదోదీ ఆవిడకే. పళ్ళ డాక్టరు ప్రతి చీటీకీ ఒక్కో ఏడాది వయసు తగ్గుతున్నట్టు కనపడ్డాడు. ఇరవై మూడూ ఆవిడకే. జనం చప్పట్లు కొట్టారు. భార్య మొహం వెలిగిపోయింది, మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి నిటారుగా నిలబడింది.

ఇరవై నాలుగోది విప్పి హెడ్మిస్ట్రెస్ గారు ఆగిపోయారు. "డాక్టరు గారికి ఒకటి."

"నాకా?" పళ్ళ డాక్టరు గుండె పట్టుకున్నాడు. "ఎవరు? ఎవరేశారు? నా మీద అంత పగ ఎవరికండీ?"

హెడ్మిస్ట్రెస్ గారు చీటీని తిప్పి అందరికీ చూపించారు. బల్ల మీద ఓటర్ల కోసం పెట్టింది నీలం పెన్ను. ఇరవై మూడు టిక్కులూ నీలంగా ఉన్నాయి. ఈ ఒక్క టిక్కు పెద్దది, స్పష్టమైనది, ఆకుపచ్చది.

భార్య ఆ చీటీ అందుకుని చాలాసేపు చూసింది. తర్వాత మడిచి బొడ్లో దోపుకుని, "పదండి పైకి," అంది.

"అది కాదే! దొంగ చీటీ అనుకుని వేశాను. దొంగ చీటీ మీద నీకు వేస్తే నీ ఓటే కదా పోయేది? అందుకని నీ మంచికే, తెలియక..."

"సెక్షన్ పదహారు," అంది భార్య, మొదటి మెట్టెక్కుతూ.

కొత్త అధ్యక్షురాలు పది రోజుల్లో లిఫ్టు బాగు చేయించింది. సెక్షన్ గారికి మాత్రం ఇంకా ఒక నెల మెట్లే.